సీలు విప్పని రేడియేటర్

ఆ ఇంటి పెద్దల్లుడు స్టోర్‌కీపర్. ఉద్యోగంలో చేరింది మొదలు ఒక్క పెట్టె కూడా విప్పి చూడలేదు. చూడనక్కర్లేదని అతని నమ్మకం. పెట్టె వస్తుంది. నాలుగు మూలలా సీలు తడిమి చూస్తాడు. సీలు చెక్కుచెదరకపోతే సరుకు మంచిది. చెదిరితే చెడ్డది. లోపల ఏముందన్నది వాడుకునేవాళ్ళ గొడవ.

ఒకసారి ఫ్యాన్లంటూ వచ్చిన పెట్టెల్లో గడ్డీ ఇటుక ముక్కలూ బయటపడ్డాయి. పైవాళ్ళు వచ్చి నిలదీశారు. "సీలు సరిగ్గానే ఉందండీ" అన్నాడు. అది నిజమే. నిజం కాబట్టి ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. ఆనాటి నుంచి అతనికి సీలంటే గౌరవం పోయి భక్తి వచ్చింది.

ఇల్లూ అలాగే ఉంటుంది. సోఫా మీద కొన్నప్పటి ప్లాస్టిక్ తొడుగు కొన్నప్పటిలాగే ఉంది. కూర్చుంటే కరకరలాడుతుంది. ఎండాకాలం లేవబోతే తొడ చర్మం సగం దానికే అంటుకుపోతుంది. ఫ్రిజ్ తలుపు మీద కంపెనీ చీటీ, టీవీ రిమోటుకి కవరు, గోడ గడియారం అద్దం మీద పల్చటి పొర. ఆ పొర పన్నెండు దగ్గర ఉబ్బి పొట్టలా వేలాడుతుంది. ఆ ఇంట్లో మధ్యాహ్నం అయిందో లేదో ఆకలిని బట్టి తెలుసుకోవాల్సిందే.

"పెళ్ళినాడు మావాళ్ళు నన్నేదైనా కాగితంలో చుట్టి ఇచ్చుంటే, ఈపాటికీ విప్పి ఉండరు" అనేది భార్య.

అతను నవ్వడు. నవ్వడం అతని బాధ్యతల్లో లేదు.

చిన్నల్లుడిది ఇంకో రోగం. బడి పిల్లల్ని దింపే వ్యాను నడుపుతాడు. ఏ వస్తువు కొన్నా "నడిస్తే చాలు" అంటాడు. అతనింట్లో ఏదీ ఎక్కువ కాలం నడవదు. చవగ్గా దొరికిందని బిగించిన ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ వచ్చి అందరూ భోంచేస్తుండగా మధ్యలో దిగింది. ఫోను చార్జరు దిండు కాల్చింది. ముందు పన్ను కూడా ఎక్కడో చవగ్గా కట్టించుకున్నాడు. నవ్వినప్పుడల్లా దాన్ని నాలుకతో ఆనించి పట్టుకోవాలి. అయినా కాస్త ఎక్కువే నవ్వుతాడు.

తోడల్లుళ్ళిద్దరూ ఇలాంటివాళ్ళు. ఒకడికి అసలు పిచ్చి, ఒకడికి నకలు పిచ్చి. మధ్యలో మామగారి కారు.

మామగారు పోయాక అది ఇంటి పక్క రేకుల షెడ్డులో నిలబడిపోయింది. ముసలి కారు. తలుపులు రెండుసార్లు వేస్తే గానీ పడవు. కానీ పెద్దల్లుడికి దాని మీద ఎప్పటి నుంచో కన్ను. మామగారు బతికుండగా స్టీరింగు సరే, ముందు సీటు కూడా దక్కనివ్వలేదు. "మీరు వెనక కూర్చోండి అల్లుడుగారూ, విశాలంగా ఉంటుంది" అనేవాడు. విశాలమంటే ఇద్దరు కూతుళ్ళు, ఒక నీళ్ళ డబ్బా, రెండు సంచులు, ఒడిలో ఎవరిదో గొడుగు పెట్టుకుని పెద్దల్లుడు. డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాక కూడా విశాలం తగ్గలేదు.

తన వీధిలోకి తాను స్టీరింగు పట్టుకుని రావాలి. ఎదురింటి గుమాస్తా మెట్ల మీద కూర్చున్నవాడు లేచి నిలబడాలి. "ఎవరిదండీ కారు?" అని అడగాలి. "నాది" అనాలి. స్టోర్‌కీపర్‌కి ఈ లోకంలో తీరాల్సిన ముచ్చట అదొక్కటే మిగిలింది.

ఒక ఆదివారం అత్తగారు ఇద్దరల్లుళ్ళనీ పిలిచి, కారు తాళం బల్ల మీద పెట్టింది. ఆవిడ మాట పొదుపు. నోరు విప్పిందంటే మాత్రం ఎవరికో ఒకరికి గీసుకుంటుంది.

"ఈ కారు నాకొద్దు, దీని పీడా నాకొద్దు. కొండ అవతల మా అక్కని చూసి చాలా కాలమైంది. దారిలో ఎక్కడా ఆపకుండా నన్నక్కడికి ఎవరు తీసుకెళ్తే వాళ్ళే ఉంచుకోండి. ఆయన ప్రతిసారీ సగం కొండెక్కాక ఆపి, బానెట్టు ఎత్తి, నన్ను ఎండలో నిలబెట్టేవారు. ఈ వయసులో నేను మళ్ళీ రోడ్డు పక్కన దిష్టిబొమ్మలా నిలబడను."

ముగ్గురూ షెడ్డులోకి వెళ్ళారు. కారు ముందు భాగం కింద నేల తడిగా ఉంది. చిన్నల్లుడు చొక్కా మాస్తుందని కూడా చూడకుండా కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, అక్కడి నుంచే చెప్పాడు.

"పైపు క్లిప్పు వదులైంది అన్నయ్యా. బిగిస్తే సరిపోతుంది."

"క్లిప్పు కాదు. రేడియేటరే డూప్లికేటు. మామగారు ఎక్కడో సందులో కొనుంటారు. చూడు, ఎక్కడైనా కంపెనీ పేరుందా?"

"పేరుంటే నీళ్ళు కారవా?"

"కారవు."

"మా తాతకి ఇంత పొడుగు పేరుంది అన్నయ్యా. చచ్చేదాకా ముక్కు కారుతూనే ఉంది."

అత్తగారు నవ్వలేదు. "కారినా కారకపోయినా అది కొండెక్కితే సలసల కాగేది. ఆయన పొద్దున్నే లేచి ముందు దానికి నీళ్ళు పట్టేవారు. తర్వాతే నాకు కాఫీ. క్లిప్పు బిగించి నన్నెక్కిస్తానంటే నేనెక్కను" అంది.

"విన్నావా?" అన్నాడు స్టోర్‌కీపర్. "నేను పెద్దవాణ్ణి. ముందు వంతు నాది. వచ్చే ఆదివారానికి కంపెనీ రేడియేటర్ వేయిస్తాను."

"అలాగే కానివ్వండి" అన్నాడు చిన్నల్లుడు కారు కింది నుంచే. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే, తనవంతు ఎలాగూ వస్తుందన్న ధీమా. తోడల్లుడి మీద తోడల్లుడికి ఉండే నమ్మకం అది.

స్పేర్ పార్టుల సందులో ఎండ కూడా జిడ్డుగా ఉంటుంది. గుమ్మాలకి టైర్లు, బెల్టులు, పైపులు వేలాడుతుంటాయి. వాటిని తల మీంచి పక్కకి తోసుకుంటూ స్టోర్‌కీపర్ లోపలికి వెళ్ళాడు. కొట్టాయన ముక్కాలిపీట మీద కూర్చుని గోళ్ళలో మసి తీసుకుంటున్నాడు.

"రేడియేటర్ కావాలి. ఒరిజినల్."

"ఒరిజినలా, ఒరిజినల్ లాంటిదా, ఒరిజినలే అని చెప్పి అమ్మేదా?"

"మూడోది కూడా అమ్ముతావా?"

"అడిగినవాళ్ళకి చెప్పే అమ్ముతానండీ. అడగనివాళ్ళకి చెప్పను."

ఇంత నిజాయితీ స్టోర్‌కీపర్ తన ఆఫీసులో కూడా చూడలేదు. "మొదటి రెంటికీ తేడా ఏంటి?" అన్నాడు.

"ఒరిజినల్ లాంటిదంటే లోకల్. అందులో మంచిదీ ఉంది, చెత్తా ఉంది. కొన్నిటికి బోల్టు కన్నం వేలెడు పక్కకుంటుంది. కోసీ గుద్దీ ఎక్కించాలి. ఎక్కాక కొన్ని ఆర్నెల్లకే కక్కుతాయి, కొన్ని కంపెనీదాన్ని మించి నడుస్తాయి. ఏది ఏదో వాడితే గానీ తెలీదు."

"కంపెనీది?"

"కంపెనీది చెప్పినట్టు కూర్చుంటుంది. పగిలినా చెప్పినచోటే పగులుతుంది. పైతొట్టి ప్లాస్టిక్కే కదా మరి. బండి ముసలిదైతే ఏది వేసినా సగం అదృష్టమండీ."

తక్కిన సగం గురించి స్టోర్‌కీపర్ అడగలేదు. కంపెనీదే తియ్యమన్నాడు. వచ్చిన పెట్టెని అటూ ఇటూ తిప్పాడు. మెరిసే చీటీని వెలుతురుకి ఎత్తి, వంచి, కళ్ళు చికిలించి చూశాడు. కొట్టాయనే పెట్టె విప్పి రేడియేటర్ తీసి చూపించాడు. దాని ముఖం మీద, సన్నటి రేకులు వంగిపోకుండా, మందపాటి అట్ట ఒకటి అడ్డంగా కట్టి ఉంది. అట్ట నాలుగంచులా కంపెనీ పేరున్న టేపు. టేపు మీద ముద్ర. చూస్తుంటే కడుపు నిండిపోయింది.

"ఒకటే మాట" అన్నాడు కొట్టాయన. "సీలు ఊడితే వెనక్కి తీసుకోను. గ్యారంటీ పోతుంది."

ఆ మాట స్టోర్‌కీపర్ చెవిలో తేనె పోసినట్టయింది. తన భాష మాట్లాడే మనిషి ఇంతకాలానికి ఒకడు దొరికాడు.

అదే సందులోని మెకానిక్‌ని అందరూ బోల్టు అంటారు. పనిమంతుడే. కానీ ఎదుటివాడి కారు పాడైతే తప్ప నోట్లో ముద్ద దిగని మనిషి. పాత రేడియేటర్ విప్పి, తూకానికి వేసేస్తానని పక్కన పడేశాడు. వారం తిరక్కుండా దాన్ని కడిగి తన బావమరిది వ్యానుకి బిగించుకున్నాడు. రోజూ చెంబుడు నీళ్ళు తాగుతూ అది ఇప్పటికీ తిరుగుతోంది.

కొత్తదాన్ని ఎత్తి బల్ల మీద పెట్టి, చాకు తెరిచాడు.

"ఏయ్, ఏంటది?"

"అట్ట కోస్తున్నా సార్."

"కోశావంటే చెయ్యి విరగ్గొడతా. చదువొచ్చా నీకు? దాని మీద ఏం రాసుంది?"

"సీలు తీస్తే గ్యారంటీ లేదని."

"మరి?"

"మరి గాలి..."

"గాలి సంగతి కంపెనీవాడికి తెలీదు, నీకు తెలుసు! రాళ్ళూ దుమ్మూ కొట్టకుండా వాళ్ళే కట్టి పంపారు. కారు కనిపెట్టినవాడి కంటే మొనగాడివా నువ్వు?"

బోల్టు చాకు మడిచాడు. పళ్ళ మధ్య ఉన్న పుల్లని ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిపాడు. చాలాసేపు స్టోర్‌కీపర్ మొహంలోకి చూశాడు.

"మీ బండి, మీ అట్ట" అన్నాడు.

అట్టతో సహా బిగించాడు. కొత్త పైపులు, కొత్త క్లిప్పులు వేశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి చెడగొట్టుకునేంత చిన్న సరదా కాదది. సాయంత్రానికి ఆ సందంతా తెలిసిపోయింది. స్టోర్‌కీపర్ కారు తీస్తుంటే కొట్లలోవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. కొత్త రేడియేటర్‌కి ఇంత మర్యాదా అని అతను మురిసిపోయాడు.

గోదాము దగ్గర్నుంచి అత్తగారి షెడ్డుకి, షెడ్డు నుంచి గోదాముకి రెండుసార్లు తిప్పాడు. దూరం తక్కువ, దారి చదును. కారు మామూలుగానే నడిచింది. తెల్లారి లేచి వెళ్ళి షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని కిందికి చూస్తే చుక్క తడి లేదు. తోడల్లుడికి ఫోను చేశాడు.

"చూశావా? చుక్క లేదు. అదీ ఒరిజినలంటే."

"క్లిప్పు కూడా మార్చారా?"

"మార్చాడులే. దానికేం?"

"ఏం లేదన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. స్టీరింగు దగ్గర స్టోర్‌కీపర్. పక్కన అత్తగారు. వెనక అతని భార్య, ఆవిడ చెల్లెలు, కిటికీ పక్కన చిన్నల్లుడు. అతను సాక్షిగా వస్తున్నానని చెప్పి, ఒళ్ళో నాలుగు నీళ్ళ సీసాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ నీళ్ళెందుకు?" అన్నాడు స్టోర్‌కీపర్ అద్దంలోంచి.

"దాహానికి."

"ఎవరి దాహానికి?"

"ఎవరికి ముందేస్తే వాళ్ళకన్నయ్యా."

"బానెట్టు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. ముందే చెప్తున్నా."

చదును రోడ్డు మీద కారు బాగానే వెళ్ళింది. స్టోర్‌కీపర్ వెన్ను నిటారుగా పెట్టి, ప్రతి మలుపుకీ ముందే హారను కొట్టాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా కొట్టాడు. అత్తగారి మొహంలోకి రెండుసార్లు ఓరగా చూశాడు. ఆవిడ నిద్రపోతున్నట్టుంది. సగం కారు తన చేతికి వచ్చేసినట్టే అనుకున్నాడు.

కొండ మొదలైంది. రెండో మలుపు దాటేసరికి వేడి చూపించే ముల్లు లేచింది. మూడో మలుపుకి ఎర్రగీత దగ్గరికొచ్చి, దాన్ని వాసన చూస్తున్నట్టు ఆగింది. స్టోర్‌కీపర్ జేబులోంచి చేతిరుమాలు తీసి, మీటర్ల మీద పరిచాడు.

"ఎండ పడుతోంది" అన్నాడు ఎవరూ అడక్కుండానే.

"ఏదో మాడుతున్న వాసనొస్తోంది అల్లుడుగారూ" అంది అత్తగారు, కళ్ళు తెరవకుండానే.

"కొత్త వస్తువు కదండీ అత్తయ్యగారూ. కంపెనీ వాసన."

కాసేపటికి భార్య ముందుకి వంగింది. "ఏమండీ, ముందు పొగలా వస్తోంది."

"మంచు."

"ఇంత ఎండలోనా?"

"కొండ మీద అంతే. నోరు మూసుకుని కూర్చో."

"అన్నయ్యా, ఆ గుడ్డ తియ్యండి ఒకసారి" అన్నాడు చిన్నల్లుడు. ఇప్పుడు అతని గొంతులో హాస్యం లేదు. "తియ్యండి. పోనీ, పక్కకి తీసి ఆపండి. ఓ గంట చల్లారితే బతుకుతుంది."

ఆపితే ఇంజను బతుకుతుందని స్టోర్‌కీపర్‌కీ తెలుసు. ఆపితే కారు తోడల్లుడి గుమ్మంలో నిలబడుతుందనీ తెలుసు. వాడు దానికి సంతలో కొన్న టైర్లు తొడిగి, పన్ను ఊగించుకుంటూ తన వీధిలోకే తోలుకొస్తాడు. వెనక కూర్చోండి అన్నయ్యా, విశాలంగా ఉంటుంది, అంటాడు. ఆ మాట వినబడింది కూడా, వాడింకా అననే లేదు. స్టోర్‌కీపర్ పళ్ళు బిగించి ఎక్సలేటరు తొక్కాడు.

ఇంజను మొదట మూలిగింది. తర్వాత లోపలెవరో సుత్తి పుచ్చుకుని కొడుతున్నట్టు టకటకలాడింది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి బుస్సుమని అద్దమంతా కమ్మేసింది. అప్పుడు కూడా తొక్కాడు. ఒక పెద్ద చప్పుడు, దాని వెనకే చప్పుడు లేకపోవడం. కారు ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. అతను బ్రేకు మీద రెండు కాళ్ళతో నిలబడ్డాడు. చిన్నల్లుడు దూకి చక్రం వెనక రాయి వేశాడు.

ఒక్కొక్కరే దిగారు. అత్తగారు చీర సర్దుకుని, నెమ్మదిగా కారు ముందుకి వెళ్ళింది. అన్నేళ్ళు ఆ బానెట్టు ఎత్తి ఉండగా చూసిన మనిషి. లోపల ఏది ఎక్కడుంటుందో పేర్లు తెలీకపోయినా రూపం తెలుసు. ముందరి చువ్వల సందుల్లోంచి వంగి చూసింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది.

"అల్లుడుగారూ, లోపల ఈ అట్ట ఏమిటి?"

"అది సీలు అత్తయ్యగారూ."

"దేనికి?"

"రేడియేటర్‌కి. కంపెనీది."

చిన్నల్లుడు గుడ్డ చుట్టుకున్న చేత్తో బానెట్టు ఎత్తాడు. ఆవిరి తగ్గేదాకా పక్కకి నిలబడి, తర్వాత తొంగిచూశాడు. రోడ్డు పక్కకి వెళ్ళి రాతి మీద కూర్చున్నాడు. కూర్చున్నాక మొదలైంది. పొట్ట పట్టుకుని, తల మోకాళ్ళలో పెట్టుకుని నవ్వాడు. పన్ను ఊడి మట్టిలో పడింది. దాన్ని వెతుక్కుంటూ కూడా నవ్వాడు.

"ముక్కూ నోరూ మూసేసి కొండెక్కించారా అన్నయ్యా దాన్ని! దానికి తగలాల్సిందే గాలి! రేడియేటర్ ఉన్నదే అందుకు!"

అతని భార్య నవ్వింది. తర్వాత, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, స్టోర్‌కీపర్ భార్య కూడా నవ్వింది. కొంగు సరిపోలేదు. పెళ్ళైనప్పటి నుంచి అతను ఆమె నోట అంత మంచి నవ్వు వినలేదు.

"నవ్వకండి!" అన్నాడు. అతని గొంతు కీచుమంది. "ఇదంతా నీలాంటివాళ్ళ వల్ల వచ్చింది. ఎక్కడ చూసినా డూప్లికేటు. మందు డూప్లికేటు, పాలు డూప్లికేటు. సీలు తప్ప నమ్మడానికి ఇంకేం మిగిల్చారు మాకు?"

అది అబద్ధం కాదు. చిన్నల్లుడి నవ్వు కూడా ఒక్క క్షణం ఆగింది. స్టోర్‌కీపర్ అక్కడితో ఊరుకుని ఉంటే కొంత పరువు మిగిలేది. ఊరుకోలేదు.

"ఏమన్నా అనండి. ఒరిజినల్ ఒరిజినలే. డూప్లికేటు ఎప్పుడో ఒకప్పుడు నడిరోడ్డు మీద వదిలేసి పోతుంది."

అత్తగారు అతని వైపు తిరిగింది.

"ఒరిజినల్ సంగతి మీరు నాకు చెప్పకండి అల్లుడుగారూ. మా పెద్దదానికి ముందు కుదిరింది ఒరిజినల్ సంబంధమే. మా ఆయన ఏడాది వెతికి, వంశం చూసి, చదువు చూసి పట్టుకొచ్చారు. పెళ్ళి ముందురోజు వదిలేసి పోయాడు. భోజనాలకి వచ్చినవాళ్ళలో ఖాళీగా ఉన్నవాడెవడా అని చూసి, దొరికినవాణ్ణి బిగించాం. కొలత సరిపోలేదు. కోసీ గుద్దీ సరిపెట్టుకున్నాం. వేడెక్కుతాడు, ఆవిరి కక్కుతాడు. అయినా ఇన్నాళ్ళూ ఆగకుండా నా కూతురి సంసారం లాక్కొచ్చాడు. అతన్ని నేను ఎప్పుడైనా డూప్లికేటు అన్నానా?"

ఆ ముచ్చట ఆ కుటుంబంలో తెలీనివాళ్ళు లేరు. ఎవరూ ఎన్నడూ అతని ముందు అనలేదు. మామగారు కూడా వెనక సీటు చూపించి ఊరుకున్నాడు గానీ పైకి అనలేదు. స్టోర్‌కీపర్ లోయ వైపు తిరిగి నిలబడ్డాడు. చెవులు ఎర్రగా కాగిపోతున్నాయి. కావాలంటే ఈ మాటకి ఎవరైనా నవ్వొచ్చు. ఎవరూ నవ్వలేదు. అది నవ్వు కంటే అన్యాయంగా తోచింది.

"ఉక్కగా ఉంది" అంది అత్తగారు. "ఆ అట్ట ఇలా లాగండి."

చిన్నల్లుడు చెయ్యి లోపలికి పోనిచ్చి లాగాడు. టేపు బర్రుమని చిరిగింది.

"సీలు!" అన్నాడు స్టోర్‌కీపర్, ఒక అడుగు ముందుకేసి.

"ఊడింది" అంది ఆవిడ. అట్టని రెండుగా మడిచి, మొహానికి విసురుకుంది. "ఇప్పుడు హాయిగా గాలొస్తోంది."

కింది మలుపులోంచి కూరగాయల వ్యాను ఒకటి మూలుగుతూ వచ్చింది. చిన్నల్లుడు చెయ్యెత్తి ఆపాడు. కొండ అవతలి సంతకే వెళ్తోంది. ముందు అత్తగారికి చోటుంది, మిగతావాళ్ళు వెనక బుట్టల మధ్య సర్దుకోవచ్చు.

వ్యాను మెట్టు మీద కాలు పెట్టి, అత్తగారు వెనక్కి చూసింది.

"మాటంటే మాటే. ఆపకుండా తీసుకెళ్ళమన్నాను. మీరు ఆపలేదు. అదే ఆగింది. కారు మీదే."

"అదేంటత్తయ్యగారూ!" చిన్నల్లుడు గాబరాగా పన్ను నోట్లో పెట్టుకున్నాడు. "నా వంతు రానే లేదు కదా!"

"దీన్నిప్పుడు మీరేం చేసుకుంటారు?"

"ఎక్కడో పాత ఇంజనొకటి చూసి..."

"మీ ఫ్యాను కింద భోంచేసినదాన్ని నేను. ఎక్కండి."

స్టోర్‌కీపర్‌కి ముందు ఆ మాటలు అర్థం కాలేదు. అర్థమయ్యాక, సిగ్గూ మంటా ఉన్నచోటే ఉండగా, వాటి పక్క నుంచి ఇంకేదో లేచింది. తోడల్లుడి మొహం చూశాడు. వాడి మొహంలో నిజంగానే దుఃఖం ఉంది. చచ్చిన కారుకి కూడా వాడు ఏడుస్తున్నాడు. అది చాలు. స్టోర్‌కీపర్ వెన్ను మళ్ళీ నిటారైంది. గెలిచానని అనుకున్నాడు. అనుకోవడానికి అతనికి పెద్దగా సరంజామా అక్కర్లేదు.

భార్య కూడా వ్యాను వైపు నడుస్తోంది.

"నువ్వెక్కడికే?"

"పెద్దమ్మ దగ్గరికి. ఇంతదూరం వచ్చి చూడకుండా పోతానా?"

"మరి నేనో?"

"కారు దగ్గర ఎవరో ఒకరుండాలిగా. కొత్త రేడియేటరాయె. ఎవరైనా ఎత్తుకుపోతారు." చెల్లెలి చేతిలోంచి ఒక నీళ్ళ సీసా తీసి అతని చేతికిచ్చింది. "ఇది మీకు. దానికి పొయ్యకండి, పోయినవాళ్ళు నీళ్ళు తాగరు."

వ్యాను కదిలింది. వెనక బుట్టల మధ్య నుంచి మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి. అందులో భార్య నవ్వు ఏదో అతనికిప్పుడు విడిగా తెలుస్తోంది. ముందు కిటికీలోంచి అట్ట ఊగుతూ కనిపించింది. మలుపు తిరిగాక అదీ కనబడలేదు.

స్టోర్‌కీపర్ కారెక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తలుపు రెండుసార్లు వేశాడు. చల్లారుతున్న ఇనుము టిక్కు టిక్కుమంటోంది. అద్దం సరిచేసుకున్నాడు. వెనక సీటు ఖాళీగా, నిజంగానే విశాలంగా ఉంది. చేతిరుమాలు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. నీళ్ళు తాగాడు.

చాలాసేపటికి ఒక లారీ దిగుతూ వచ్చి పక్కన వేగం తగ్గించింది. ఇంజను ఆపలేదు. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏమైందన్నా?"

"ఏం లేదు. చల్లారుతోంది."

"ఎవరిది బండి?"

"నాది" అన్నాడు.

లారీ హోరులో ఆ మాట అవతలికి అందలేదు. డ్రైవరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అన్నాడు. స్టోర్‌కీపర్ కిటికీలోంచి సగం బయటికి వంగి, కొండంతా వినబడేలా మళ్ళీ అరిచాడు.